మిన్నెసోటా బడ్జెట్: రాజీ ఖరీదు ఎవరు చెల్లించారు?

మన సంఘాల్లో 'రాజీ' అనే మాటకు మంచి పేరు లేదు. ఉజ్జీవ సభల్లో ఏ ప్రసంగీకుడు లేచినా ముందు చెప్పేది 'లోకంతో రాజీపడవద్దు' అనే. విశ్వాసం విషయంలో ఆ హెచ్చరిక సరైనదే. కానీ పదిమంది కలిసి ఒక పనికి డబ్బు కేటాయించవలసి వచ్చినప్పుడు రాజీ లేకుండా జరిగే పని ఏదీ లేదు. మందిరానికి స్లాబ్ ముందు వేయాలా, పాస్టరమ్మగారి ఇంటి పైకప్పు ముందు బాగుచేయాలా అన్న దగ్గరే కమిటీ రెండుగా చీలిపోయిన సంఘాలు మనకు తెలుసు. ఈ వారం మేము రాయదలచుకున్నది మాత్రం అమెరికాలోని ఒక రాష్ట్రం గురించి. అక్కడ 2025 జూన్‌లో ఒక బడ్జెట్ రాజీ మీద ఆమోదం పొందింది. ఆ రాజీ కుదిర్చినవారిలో ఒకరు, దాని కోసం కన్నీళ్లతో ఓటేసిన ఒక తల్లి, అయిదు రోజుల తర్వాత తన ఇంట్లోనే హత్యకు గురయ్యారు. ఆమె ఓటుకూ ఆమె మరణానికీ సంబంధం ఉందని చెప్పడం లేదు. అది కోర్టు తేల్చవలసిన విషయం. మేము చూడదలచింది ఆ ఓటును.

మిన్నెసోటా అంటే మన పాఠకుల్లో చాలామందికి మిన్నియాపోలిస్‌లోనో సెయింట్ పాల్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న తమ పిల్లలు గుర్తుకొస్తారు. గుంటూరు, రాజమండ్రి లూథరన్ సంఘాలవారికి ఇంకొక పాత బంధం కూడా ఉంది. 1842లో గుంటూరుకు వచ్చి ఆంధ్ర లూథరన్ సంఘానికి పునాది వేసిన ఫాదర్ హయ్యర్, 1857లో మన దేశం నుండి తిరిగి వెళ్లాక మిన్నెసోటాలోనే పరిచర్య చేశారు. 1860లో అక్కడి లూథరన్ సినడ్ ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. డెబ్భై అయిదేళ్లు దాటిన వయసులో 1869లో మళ్లీ ఓడెక్కి రాజమండ్రికి వచ్చారు. ఈ సంగతి ఊరికే చెప్పడం లేదు, దీని అవసరం ముందు వస్తుంది.

ఇక బడ్జెట్ సంగతి. 2024 నవంబరు ఎన్నికల్లో మిన్నెసోటా ప్రతినిధుల సభలో ఉన్న 134 స్థానాల్లో రిపబ్లికన్లకు 67, డెమోక్రాట్లకు 67 వచ్చాయి. (అక్కడి డెమోక్రాట్లను డీఎఫ్ఎల్ అంటారు, అంటే డెమోక్రటిక్-ఫార్మర్-లేబర్ పార్టీ.) సెనేట్‌లో 67 స్థానాలుంటే డీఎఫ్ఎల్‌కు ఉన్న ఆధిక్యం ఒక్కటే. గవర్నర్ టిమ్ వాల్జ్ డీఎఫ్ఎల్ నాయకుడు. సరిగ్గా సగం సగం. త్రాసు ఏ వైపూ మొగ్గలేదు.

అయినా మొదట ఎవరూ రాజీకి రాలేదు. గెలిచిన డీఎఫ్ఎల్ సభ్యుల్లో ఒకరికి నియోజకవర్గంలో నివాసం లేదని కోర్టు తేల్చడంతో ఆ సీటు ఖాళీ అయింది. రిపబ్లికన్లు 67, డీఎఫ్ఎల్ 66 అయ్యారు. ఆ కొన్ని వారాల ఆధిక్యంతో సభను తమ చేతిలోకి తీసుకుందామని రిపబ్లికన్లు అనుకున్నారు. కోరం లేకుండా చేద్దామని డీఎఫ్ఎల్ సభ్యులు జనవరిలో సభకే రాలేదు. ఉన్న 67 మందే స్పీకర్‌ను ఎన్నుకున్నారు. కోరానికి 68 మంది కావాలని రాష్ట్ర సుప్రీంకోర్టు జనవరి 24న చెప్పడంతో ఆ ఎన్నిక చెల్లకుండా పోయింది. ప్రజలు జీతమిచ్చి పంపిన సభ్యులు మూడు వారాలు సభ జరగనివ్వలేదు. ఇందులో ఇరుపక్షాలకూ భాగం ఉంది.

ఫిబ్రవరి మొదటి వారంలో దిగివచ్చారు. రిపబ్లికన్ నాయకురాలు లీసా డెమూత్ స్పీకర్. మార్చి ఉపఎన్నికలో ఖాళీ సీటు మళ్లీ డీఎఫ్ఎల్‌కే వచ్చి 67-67 అయ్యాక, దాదాపు ప్రతి కమిటీకీ ఇద్దరు అధ్యక్షులు, రెండు పార్టీల నుండి ఒక్కొక్కరు. అంతకుముందు ఆరేళ్లు స్పీకర్‌గా ఉన్న మెలిస్సా హార్ట్‌మన్ ఆ కుర్చీ వదులుకుని తన పార్టీ నాయకురాలిగా కొనసాగారు. ఏ బిల్లు నెగ్గాలన్నా 68 ఓట్లు కావాలి. అంటే అవతలి పక్షం నుండి కనీసం ఒక్కరైనా రాకుండా ఏదీ నెగ్గదు.

మన అసెంబ్లీలకు అలవాటుపడిన కళ్లకు ఇది వింతగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా బడ్జెట్ అనేది అధికార పక్షం ప్రవేశపెట్టేది, అధికార పక్షమే ఆమోదించుకునేది. ప్రతిపక్షం వాకౌట్ చేస్తే ఇంకా త్వరగా అయిపోతుంది. విప్‌ను ధిక్కరించి ఓటేసిన సభ్యుడి పదవి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద పోవచ్చు. మనకు రాజీ అవసరమైన సందర్భం ఒకటి ఇటీవలే వచ్చింది. 2020 జూన్ 17న రాజధాని బిల్లుల గొడవలో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ద్రవ్య వినిమయ బిల్లును ఆమోదించకుండానే నిరవధికంగా వాయిదా పడింది. రాజ్యాంగం ప్రకారం 14 రోజులు గడిచి బిల్లు ఆమోదం పొందినట్టు లెక్కకు వచ్చేదాకా ఖజానా నుండి డబ్బు తీయడానికి లేకపోయింది. ఆ జులైలో ఉద్యోగుల జీతాలు, పింఛన్లు కొన్ని రోజులు ఆలస్యమయ్యాయి. మన దగ్గర మండలి పట్టుపట్టినా పదిహేనో రోజుకు రాజ్యాంగం దారి చూపిస్తుంది. మిన్నెసోటాకు అలాంటి వెసులుబాటు లేదు.

అక్కడ ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది, బడ్జెట్ రెండేళ్లకు ఒకసారి. జులై 1 నాటికి బడ్జెట్ లేకపోతే ప్రభుత్వం తలుపులు మూసుకుంటుంది. 2011లో అదే జరిగింది. అప్పటి గవర్నర్ మార్క్ డేటన్‌కూ రిపబ్లికన్ సభకూ పొత్తు కుదరక ఇరవై రోజులు ప్రభుత్వం ఆగిపోయింది. సుమారు 20 వేలమంది ఉద్యోగులు ఇంట్లో కూర్చున్నారు. పార్కులు మూసేశారు, రోడ్ల పనులు ఆపేశారు. చివరికి కుదిరిన రాజీ ఎలాంటిదో తెలుసా? బడులకు ఇవ్వవలసిన డబ్బు ఆలస్యం చేయడం, పొగాకు కంపెనీల నుండి ముందుముందు రావలసిన సొమ్ము మీద అప్పు తేవడం. పెద్దలు చేతులు కలుపుకున్నారు, భారం పిల్లల మీద పడింది. ఆ ఇరవై రోజులను కళ్లారా చూసినవారే ఈసారీ నాయకత్వంలో ఉన్నారు. అది మళ్లీ రానివ్వకూడదన్న పట్టుదల అందరికీ ఉంది.

మే 15న గవర్నర్ వాల్జ్, డెమూత్, హార్ట్‌మన్, సెనేట్ నాయకురాలు ఎరిన్ మర్ఫీ కలిసి ఒప్పందం ప్రకటించారు. ప్రకటన జరుగుతున్న గది తలుపులను బయట నుండి కొందరు బాదుతూ నినాదాలు చేశారు. బాదినవారిలో ఎక్కువమంది హార్ట్‌మన్ పక్షంవారే.

ఎందుకు బాదారంటే, ఆ ఒప్పందంలో ఒక షరతు ఉంది. తక్కువ సంపాదనతో పనిచేసుకుంటూ, అలాగని నిరుపేదల వైద్య పథకంలోకీ రానివారి కోసం 1992 నుండి ఆ రాష్ట్రంలో మిన్నెసోటాకేర్ అనే పథకం నడుస్తోంది. ఆదాయాన్నిబట్టి కొంత ప్రీమియం కడతారు, మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. 2023లో రెండు సభలూ గవర్నర్ పదవీ డీఎఫ్ఎల్ చేతిలోనే ఉన్నప్పుడు ఈ పథకాన్ని పత్రాలు లేని వలసదారులకూ తెరిచారు. 2025 జనవరి 1 నుండి అమల్లోకి వచ్చింది. ప్రభుత్వం వేసిన అంచనాకు మించి వేలమంది చేరారు. రిపబ్లికన్లు దీన్ని పూర్తిగా తీసేయమన్నారు. పత్రాలు లేనివారికి పన్ను సొమ్ముతో వైద్యం ఇవ్వకూడదన్నది వారి వాదనలో ఒక భాగం, రాబోయే లోటు రెండో భాగం. ఈ రెండేళ్లకు ఖజానాలో కొంచెం మిగులుంది గానీ, ఆ తర్వాతి రెండేళ్లకు 600 కోట్ల డాలర్ల లోటు వస్తుందని రాష్ట్ర ప్రభుత్వ అంచనాలే ఫిబ్రవరిలో చెప్పాయి. లోటు మాట నిజం. దాన్ని కొట్టిపారేసి మాట్లాడేవారు లెక్కలు చూడనివారే.

చివరికి కుదిరిన మధ్యమార్గం: పిల్లలకు పథకం ఉండాలి, పెద్దలకు 2025 డిసెంబరు 31తో ఆగిపోవాలి. ఈ ఒక్క అంశాన్ని విడి బిల్లుగా పెట్టారు. ఇది నెగ్గకపోతే మిగతా ఒప్పందం నిలవదు.

మామూలు సమావేశాల గడువు మే 19న ముగిసినా పద్దులన్నీ పూర్తికాలేదు. జూన్ 9న ఒక్కరోజు ప్రత్యేక సమావేశం పెట్టుకుని రాత్రి బాగా పొద్దుపోయేదాకా కూర్చుని పద్నాలుగు బిల్లులు ఆమోదించారు. రెండేళ్లకు సుమారు 6,600 కోట్ల డాలర్ల బడ్జెట్. దానితోపాటు రోడ్లు, వంతెనలు, తాగునీటి పైపులు, మురుగునీటి శుద్ధి, కళాశాల భవనాల మరమ్మతుల వంటి వాటికి 70 కోట్ల డాలర్ల బాండ్ల బిల్లు.

ఈ బాండ్ల బిల్లు గురించి కొంచెం చెప్పాలి. మిన్నెసోటా రాజ్యాంగం ప్రకారం ప్రజల నిర్మాణాల కోసం అప్పు చేయాలంటే మామూలు మెజారిటీ చాలదు, ప్రతి సభలోనూ అయిదింట మూడు వంతులు కావాలి. ప్రతినిధుల సభలో 81 ఓట్లు, సెనేట్‌లో 41. ఇరవై ఏళ్లలోపు తీర్చవలసిన అప్పు గనుక, రేపు అధికారంలోకి వచ్చేవారు కూడా సంతకం పెట్టి ఉండాలన్నది దాని ఉద్దేశం. దానివల్ల మైనారిటీ పక్షం చేతిలో ఎప్పుడూ ఒక తాళంచెవి ఉంటుంది. 2023లో డీఎఫ్ఎల్‌కు అన్నీ ఉన్నా ఈ ఒక్క బిల్లు దగ్గర ఆగిపోయింది. వృద్ధాశ్రమాలకు 30 కోట్ల డాలర్లు ఇస్తేనే ఓటేస్తామని సెనేట్ రిపబ్లికన్లు పట్టుబట్టి సాధించుకున్నారు. నీళ్ల పైపులు వారికీ కావాలి, వృద్ధుల సంరక్షణ వీరికీ కావాలి, ఇద్దరికీ దొరికింది. 2024లో ఎవరూ తగ్గలేదు, బాండ్ల బిల్లే రాలేదు. ఏడాదిపాటు చిన్న చిన్న పట్టణాలు తమ పాత నీటి ట్యాంకుల ముందు ఎదురుచూశాయి.

నిర్మాణాలు వాయిదా పడితే ఏమవుతుందో ఆ రాష్ట్రానికి ఎవరూ చెప్పనవసరం లేదు. 2007 ఆగస్టు 1 సాయంత్రం, ఆఫీసుల నుండి ఇళ్లకు వెళ్లే వేళ, మిన్నియాపోలిస్‌లో మిసిసిపీ నది మీది ఐ-35డబ్ల్యూ వంతెన కూలిపోయింది. 13 మంది చనిపోయారు, 145 మంది గాయపడ్డారు. డిజైన్‌లోనే లోపం ఉందని దర్యాప్తులో తేలింది. కానీ ఆ రాష్ట్రం ఆత్మపరిశీలన అంతటితో ఆగలేదు. మరుసటి ఫిబ్రవరిలో పెట్రోలు మీద పన్ను పెంచి రవాణాకు డబ్బు సమకూర్చే బిల్లును అప్పటి గవర్నర్ టిమ్ పాలెంటీ వీటో చేస్తే, ఆయన సొంత పార్టీ సభ్యులు ఆరుగురు ప్రతినిధుల సభలో అవతలి పక్షంతో కలిసి వీటోను తోసిపుచ్చారు. ఆ ఆరుగురి మీద పార్టీ కోపగించింది. కొందరు తర్వాతి ఎన్నికల్లో సీటు పోగొట్టుకున్నారు. వారి పేర్లు ఇక్కడ ఎవరికీ తెలియవు. ఆ డబ్బుతో బాగుపడిన వంతెనల మీద మన తెలుగు పిల్లలు కూడా రోజూ కారు నడుపుకుంటూ వెళ్తున్నారు.

అందువల్ల 2025 జూన్‌లో వచ్చిన బాండ్ల బిల్లును మేము తక్కువగా చూడడం లేదు. నీళ్లు, వంతెనలు పేదవాడికే ఎక్కువ అవసరం. ఉన్నవాడు బోరు వేయించుకుంటాడు, ప్యూరిఫయర్ కొనుక్కుంటాడు. ఈ సంగతి మన ఊళ్లలో చూస్తూనే ఉన్నాం.

కానీ ఆ రాత్రి జరిగిన రెండు ఓట్లను పక్కపక్కన పెట్టి చూడండి. పైపులకు డబ్బు వచ్చింది, ఎందుకంటే పైపులు కావలసిన ఊళ్లకు సభలో ప్రతినిధులున్నారు, వారి ఓటు లేకుండా బిల్లు నెగ్గదు. వైద్యం పోయినవారు మాంసం ప్యాకింగ్ కంపెనీల్లో, పాడి డెయిరీల్లో, హోటల్ వంటశాలల్లో పనిచేసేవారు. వారికి ఓటు లేదు. నలుగురు నాయకులు కూర్చున్న గదిలో వారి తరఫున కుర్చీ లేదు. రాజీ అంటే ఇద్దరూ చెరికొంత వదులుకోవడం అంటారు. ఇక్కడ ఇద్దరూ కలిసి మూడోవాడిది వదిలేశారు. బడ్జెట్ రాజీల్లో ఇది కొత్తేమీ కాదు, దాదాపు ప్రతిసారీ ఇలాగే జరుగుతుంది. మన సంఘ కమిటీల్లోనూ రెండు వర్గాలు సమాధానపడిన సంవత్సరం విధవరాండ్ర నిధికి ఎంత మిగిలిందో పద్దు తీసి చూసుకోవచ్చు.

నెహెమ్యా గ్రంథం చదివినవారికి ఈ చిత్రం పరిచయమే. మూడో అధ్యాయమంతా ఎవరు ఏ గుమ్మం దగ్గర, ఏ గోడ దగ్గర పనిచేశారో పేర్లతో సహా రాసిన జాబితా. ఒక ప్రభుత్వ ఇంజినీరు నివేదికలా ఉంటుంది, అందుకే సండే స్కూల్లో ఎవరూ చెప్పరు. గోడ సగానికి వచ్చింది. సరిగ్గా అప్పుడు, అయిదో అధ్యాయంలో, పేదల మొర వినిపిస్తుంది. ధాన్యం కోసం పొలాలు తాకట్టు పెట్టామని, పన్ను కట్టడానికి అప్పు చేశామని, పిల్లలు బానిసలవుతున్నారని. నెహెమ్యా ముందు గోడ కానివ్వండి, ఇది తర్వాత చూద్దాం అనలేదు. పెద్దలను పిలిచి గద్దించాడు, వడ్డీ మాన్పించాడు, పొలాలు తిరిగి ఇప్పించాడు. అధిపతిగా తనకు రావలసిన భత్యం పన్నెండేళ్లు తీసుకోలేదని కూడా రాసి ఉంది. గోడ యాభై రెండు రోజుల్లో పూర్తయిన సంగతి ఆ తర్వాతే వస్తుంది. నిర్మాణం, పేదల మొర, ఈ రెండూ ఒకే గ్రంథంలో ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.

నెహెమ్యాకు రాజు ఇచ్చిన అధికారం ఉంది. హార్ట్‌మన్‌కు ఉన్నవి 67 ఓట్లు, అవీ చాలవు. ఆమె ముందు ఉన్నవి రెండు దారులు. షరతు ఒప్పుకోకపోతే జులై 1న ప్రభుత్వం ఆగిపోతుంది. ఒప్పుకుంటే, తాను స్పీకర్‌గా ఉండి 2023లో తెచ్చిన చట్టాన్ని తానే కొంత రద్దు చేయాలి. ఆమె ఒప్పుకున్నారు. ఒప్పుకుని ఏం చేశారన్నదే మమ్మల్ని ఆలోచింపజేసింది.

నెగ్గడానికి 68 ఓట్లు కావాలి, రిపబ్లికన్లవి 67. డీఎఫ్ఎల్ నుండి ఎవరో ఒక్కరు ఓటేయాలి. నాయకురాలిగా ఆమె ఆ పని వేరొకరికి అప్పగించవచ్చు. మొదటిసారి గెలిచిన ఏ జూనియర్ సభ్యుణ్ణో పక్కకు పిలిచి, పార్టీ కోసం ఈ మచ్చ భరించమని చెప్పవచ్చు. రాజకీయాల్లో అలాగే చేస్తారు. ఆమె తన పార్టీవారందరినీ వ్యతిరేకంగా ఓటేయనిచ్చి, ఆ ఒక్క ఓటు తానే వేశారు. 68-65. సెనేట్‌లో 37-30తో నెగ్గింది. అక్కడ కూడా నాయకురాలు మర్ఫీ, తన పార్టీవారు మరో ముగ్గురితో కలిసి, అనుకూలంగా ఓటేశారు. ఓటింగ్ తర్వాత విలేకరులతో మాట్లాడుతూ హార్ట్‌మన్ కన్నీళ్లు ఆపుకోలేకపోయారు. ఈ ఓటువల్ల మనుషులు నష్టపోతారని తనకు తెలుసునన్నారు. ఈ షరతు లేని ఒప్పందం కోసం ఎంతో ప్రయత్నించామన్నారు.

ఆమె సరైన పని చేశారా? మా సంపాదక వర్గంలోనే దీనిమీద ఏకాభిప్రాయం లేదు. రాష్ట్రమంతా ఆగిపోయి వేలమంది జీతాలు, వృద్ధుల సేవలు నిలిచిపోవడం కన్నా ఇదే తక్కువ కీడు అన్నవారున్నారు. తక్కువ కీడు అని మనం లెక్కగట్టేటప్పుడు ఆ కీడు ఎప్పుడూ ఒకే రకమైన మనుషుల మీదే ఎందుకు పడుతోంది అని అడిగినవారూ ఉన్నారు. మాలో ఎక్కువమంది రెండో ప్రశ్న వైపే మొగ్గారు. ప్రభుత్వం ఆగితే పడే బాధ మూడు వారాల్లో ముగిసేది, డయాలిసిస్ మీద ఉన్న మనిషికి కార్డు పోతే ఆ బాధకు గడువు లేదు అన్నది వారి మాట. అయితే ఒక్క విషయంలో అందరం ఏకీభవించాం. ఆమె పిలాతులా చేతులు కడుక్కోలేదు. తాను కుదిర్చిన రాజీ భారాన్ని తన పేరు మీదే రాసుకున్నారు, నష్టపోయేవారు లేరని బుకాయించలేదు. రాజీని సమర్థించుకునే నాయకులు మనకు చాలామంది ఉన్నారు. దాని ఖరీదును బయటికి చెప్పి ఏడ్చినవారు తక్కువ.

జూన్ 14 తెల్లవారుజామున పోలీసు వేషంలో వచ్చిన ఒక దుండగుడు బ్రూక్లిన్ పార్క్‌లోని ఇంట్లో మెలిస్సా హార్ట్‌మన్‌ను, ఆమె భర్త మార్క్‌ను కాల్చి చంపాడు. అంతకుముందే షాంప్లిన్‌లో సెనేటర్ జాన్ హాఫ్‌మన్, ఆయన భార్య ఇవెట్‌ల మీద కాల్పులు జరిగాయి. ఆయనకు తొమ్మిది, ఆమెకు ఎనిమిది తూటాలు తగిలినా దేవుని కృపవల్ల ఇద్దరూ బ్రతికారు. మరుసటి రోజు ఒకరిని అరెస్టు చేశారు, కేసు కోర్టులో ఉంది. అతని వాహనంలో దొరికిన పేర్ల జాబితాలో ఎక్కువమంది డీఎఫ్ఎల్ నాయకులేనని పోలీసులు చెప్పారు. నిందితుడు కొన్నేళ్ల క్రితం ఆఫ్రికాలోని కాంగోలో క్రైస్తవ సభల్లో ప్రసంగించిన వీడియోలు బయటికొచ్చాయి. ఈ వాక్యం రాయకుండా వదిలేద్దామా అని ఆలోచించాం. వదిలేయడం సరికాదనిపించింది. హిందూ, ముస్లిం నిందితుల విషయంలో వారి మతం గురించి మాట్లాడేవారు, మన పేరు పెట్టుకున్నవాడి విషయంలో నోరు మూసుకోవడం న్యాయం కాదు. హార్ట్‌మన్ కూడా కతోలిక విశ్వాసి. జూన్ 27న ఆమె భౌతికకాయాన్ని సెయింట్ పాల్‌లోని శాసనసభ భవనంలో ప్రజల సందర్శనార్థం ఉంచారు. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమె. మరునాడు మిన్నియాపోలిస్ సెయింట్ మేరీ బసిలికాలో అంత్యక్రియల ఆరాధన జరిగింది.

రాజీపడడమే ద్రోహం అనే మాట ఎక్కువైన చోట రాజీపడినవాడు శత్రువుగా కనబడతాడు. ఆమెను చంపినవాడి మనసులో ఏముందో మాకు సంబంధం లేదు, మన మనసులో ఏముందో చూసుకోవాలి. అపొస్తలుల కార్యములు పదిహేనో అధ్యాయంలో యెరూషలేములో పెద్దలు కూడి, అన్యజనుల నుండి వచ్చిన విశ్వాసుల మీద ఎంత భారం పెట్టాలి అని చర్చించారు. వివాదం చిన్నది కాదు, చర్చ చాలాసేపు సాగిందని అక్కడే ఉంది. సున్నతి అవసరం లేదన్నారు, నాలుగు విషయాలు మాత్రం మానుకోమన్నారు. ఒక పక్షం కోరినదంతా జరగలేదు, రెండో పక్షం కోరినదంతా జరగలేదు. అది రాజీ కాదు, పరిశుద్ధాత్మ నడిపింపు అని మన పాస్టర్లు అంటారు. రెండూ కావచ్చు. గమనించవలసింది ఏమిటంటే, ఆ రాజీలో భారం తగ్గింది బయటినుండి వచ్చినవారికి. లోపలివారు సర్దుకున్నారు. మిన్నెసోటాలో దీనికి తలకిందులుగా జరిగింది.

ఇక్కడ ఫాదర్ హయ్యర్ దగ్గరకు తిరిగి వస్తాం. ఆయన మొదటిసారి గుంటూరు నుండి వెళ్లినప్పుడు అమెరికాలో వైద్యం చదివి డాక్టరై మళ్లీ వచ్చారు, ఎందుకంటే సువార్త వినేవారికి మందు కూడా అవసరమని చూశారు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పెట్టిన గుంటూరు ఆసుపత్రిలో పుట్టినవారు మన పాఠకుల కుటుంబాల్లో ఎంతమంది ఉన్నారో లెక్కలేదు. నువ్వు ఏ దేశం, ఏ కులం, నీ దగ్గర కాగితం ఉందా అని ఆ గుమ్మంలో అడగలేదు. దేశం కాని దేశంలోని సంఘాలు చందాలు పోగుచేసి పంపితే మన ఊళ్లో ఆసుపత్రి నిలబడింది. ఆ చందాలు ఇచ్చినవారు కూడా ఏదో ఒక కమిటీలో, ఏదో ఒక ఖర్చు తగ్గించుకుని ఉంటారు. పరదేశికి వైద్యం అనే మాట మన నోట వచ్చినప్పుడు మనం ఇచ్చేవారి వరుసలో కాక, పుచ్చుకున్నవారి వరుసలో నిలబడి మాట్లాడాలి.

అమెరికాలోని తెలుగు సంఘాల్లో ఈ విషయం మీద అభిప్రాయం ఒకటిగా లేదని మాకు తెలుసు. చట్టప్రకారం వీసా కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడినవారికి, పత్రాలు లేనివారి గురించి విన్నప్పుడు మనసులో ఒక ముల్లు గుచ్చుకుంటుంది. అది సహజమే, దాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అయితే మీ వీధిలోని హోటల్లో గిన్నెలు కడిగే మనిషి జబ్బు పడితే ఎక్కడికి వెళ్లాలి అన్నది వలస చట్టం ప్రశ్న కాదు. మిన్నియాపోలిస్, సెయింట్ పాల్ చుట్టుపక్కల ఉచిత క్లినిక్‌లు ఉన్నాయి. పథకం పోయాక వాటి ముందు వరుస పెరుగుతుంది. మన సంఘాల్లో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, ఫార్మసిస్టులున్నారు. శనివారం ఒక పూట అక్కడికి వెళ్లడానికి ఏ పార్టీ సభ్యత్వమూ అక్కర్లేదు.

హార్ట్‌మన్ మరణంతో ఆ సభలో ఆమె సీటు ఖాళీ అయింది. ఉపఎన్నిక జరిగేదాకా బలాబలాలు 67-66గా ఉన్నాయి. 2025 డిసెంబరు 31 అర్ధరాత్రితో వేలమంది కార్డులు పనిచేయడం మానేశాయి. ఆ తర్వాత వారికి మిగిలింది ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డే. ప్రాణం మీదికి వచ్చిన మనిషిని డబ్బు లేదని తిప్పి పంపకూడదని 1986 నుండి ఫెడరల్ చట్టం ఉంది. రెండు వందల డాలర్ల మందులతో ఆగే జబ్బు అక్కడికి చేరేసరికి ఎంతవుతుందో వైద్యులకు తెలుసు. ఆ ఖర్చు 2025లో ఆమోదించిన పద్నాలుగు బిల్లుల్లో ఎక్కడా విడిగా కనబడదు. 2027లో కొత్త బడ్జెట్ రాయడానికి ఆ రెండు పార్టీలు మళ్లీ కూర్చున్నప్పుడు ఆసుపత్రుల పద్దులో కనబడుతుంది.